పౌరసత్వార్థి శీలమును ఉద్యోగ చరిత్రయు

అమెరికా పౌరసత్వము కోరువాడు సచ్ఛీలుడై యుండవలెనను నియమము ఆ దేశపు తొలి పౌరసత్వ శాసనమగు 1790 నాటి చట్టముననే కలదు. అయితే ఆ చట్టమే శ్వేతజాతీయేతరులకు ద్వారము మూసినది గావున, తాను శ్వేతజాతీయుడనని వాదించిన భగత్ సింగ్ థిండ్ 1923లో వ్యాజ్యము ఓడిన పిమ్మట, 1946లో లూస్-సెల్లర్ చట్టము వచ్చునందాక, భారతీయులు తమ శీలమెంత నిర్మలమైనను దానిని పరీక్షకు నిలుపు అర్హతకే నోచుకొనరైరి.

సచ్ఛీలమనగా నేమో చట్టము నిర్వచింపలేదు. దానిని భంగపరచు కృత్యములు కొన్నింటిని పేర్కొని, తక్కినది అధికారుల విచక్షణకు వదలినది. పరీక్షాకాలము సాధారణముగా అర్జీకి ముందటి ఐదేండ్లు. పౌరులను వివాహమాడి ఆ యర్హతపై కోరువారికి మూడేండ్లు. ఈ గడువు పట్టింపు ఎంతటిదో 1947 నాటి రెపూయీ తీర్పు చూపును. తీరని వైకల్యముతో నున్న పదమూడేండ్ల కుమారుని క్లోరోఫారముతో చంపిన రెపూయీ యను తండ్రి, ఆ ఘటనకు ఐదేండ్లు నిండుటకు కొలది వారములుండగనే అర్జీ పెట్టుటచే పౌరసత్వము పొందలేకపోయెను. జనసామాన్యపు నీతిభావన యేదో తేల్చుట దుష్కరమని యొప్పుకొనుచునే, న్యాయమూర్తి లర్నెడ్ హ్యాండ్ మరల అర్జీ పెట్టుకొన్నచో ఆ విషాదము అడ్డురాదని తీర్పులోనే సూచించెను. నేటి చట్టము మాత్రము అవసరమైనచో ఐదేండ్లకు పూర్వపు నడవడిని సైతము చూడనిచ్చును.

మనవారిని కలవరపరచునవి ఇట్టి ఘోరములు కావు (వేగము మీరినందుకు పడిన జరిమానాకే నిద్ర మానువారిని నేనెరుగుదును). హెచ్-1బి వీసా నాటి ఉద్యోగములే. పౌరసత్వపు ఎన్-400 అర్జీలో పరీక్షాకాలపు కొలువులనే గాక, కొలువు లేని కాలమును సైతము వ్రాయవలెను. కన్సల్టెన్సీ జీతగాడై క్లయింటు కార్యాలయమున పనిచేసినవాడు యజమాని స్థానమున క్లయింటు పేరు వ్రాయుటయు, ప్రాజెక్టు లేక బెంచిమీద గడచిన నెలలను కల్పిత ప్రాజెక్టుతో పూరించుటయు కోరి తెచ్చుకొను చిక్కులు. పని లేకుండుట శీలదోషము కాదు. లేని పనిని ఉన్నదని ప్రమాణపూర్వకముగా పలుకుట దోషము. వలస ప్రయోజనము పొందు తలంపుతో ప్రమాణము చేసి నోట పలికిన యసత్యము, విషయమెంత యల్పమైనను, శీలమునకు భంగకరమేయని 1988లో కుంగీస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తేల్చినది.

గ్రీన్‌కార్డు చట్టబద్ధముగా లభించెనా యని అధికారి పాత దస్త్రమును విప్పవచ్చును. కార్డు వచ్చిన కొలదినాళ్లకే, దానికై అర్జీ పెట్టిన యజమానిని విడిచినంతమాత్రమున తప్పు లేదు. ఆనాడు ఆ కొలువు చేయు సంకల్పము నిజముగా నుండెనా యన్నదే ప్రశ్న. కావున రాజీనామా పత్రమో తొలగింపు లేఖయో, ఆ యేటి డబ్ల్యూ-2 జీతపత్రముతో కలిపి భద్రపరచుకొనవలెను. గ్రీన్‌కార్డు అర్జీ 180 దినములు పెండింగులో నుండి, 2000 నాటి చట్టము ననుసరించి సమానమగు కొలువునకు మారినవారు ఆ మార్పు కాగితములను గూడ వెంట తీసికొనిపోవలెను.