ఈ ఇంటిపేర్లు పెట్టిందెవరు?

ప్రశ్న: నా గురించి నలుగురూ ఏమనుకుంటే నాకేం? నా పర్సనల్ బ్రాండ్ నేను కట్టుకునేదే కదా?

చేంబోలు సీతారామశాస్త్రి అంటే చాలామంది ఒక్క క్షణం తడుముకుంటారు. సిరివెన్నెల అంటే ఇక చెప్పనక్కర్లేదు. అది ఆయన పాటలు రాసిన, 1986లో వచ్చిన సినిమా పేరు. ఈదర నరేష్ 2002లో ‘అల్లరి’తో వచ్చి అల్లరి నరేష్ అయ్యారు. శంకరమంచి జానకి 1950 నాటి ‘షావుకారు’ సినిమా నుంచీ షావుకారు జానకే. తాతల నాటి ఇంటిపేరు వెనక్కి తగ్గింది, జనం మనసులో పడ్డ మొదటి ముద్ర ముందుకొచ్చింది. పర్సనల్ బ్రాండ్ అనే మాటకు 1997లో మేనేజ్‌మెంట్ రచయిత టామ్ పీటర్స్ రాసిన వ్యాసంతో ప్రచారం వచ్చింది గానీ, మనవాళ్లు ఎప్పటినుంచో ‘పేరు పడటం’ అంటూనే ఉన్నారు. పెట్టుకోవడం కాదు, పడటం!

ఒక్క ముద్ర మనిషి మొత్తాన్నీ ఎందుకు కమ్మేస్తుంది?

సాల్మన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1946లో ప్రచురించిన ప్రయోగం ఉంది. ఒక మనిషి గుణాలంటూ ఏడు మాటలు చదివి వినిపించాడు: తెలివైనవాడు, నేర్పరి, కష్టజీవి, ఇలా. రెండు గుంపులకూ ఆరు మాటలు ఒకటే. మిగిలిన ఒక్క మాట మాత్రం ఒకరికి ‘ఆప్యాయత గలవాడు’, రెండోవారికి ‘ముభావి’. ఆ మనిషి ఉదారుడేనా అని అడిగితే మొదటి గుంపులో నూటికి 91 మంది అవునన్నారు, రెండో గుంపులో 8 మంది. ఉదారత ఊసు జాబితాలోనే లేదు! ఖాళీలను మనసు తనే పూరించుకుంటుంది. కానీ మర్యాదస్తుడు, మొరటువాడు అని మాట మార్చినప్పుడు ఇంత తేడా రాలేదు. అన్ని గుణాలకూ ఒకే బరువు ఉండదన్నమాట.

మరి ఆ పేరు మనల్ని ఎలా మారుస్తుంది?

అసలు తిరకాసు ఇక్కడే. కోపిష్టి అని పేరుపడ్డ ఆఫీసరు దగ్గరికి చెడు కబురు ఎవరు మోసుకెళ్తారు? ‘నువ్వెళ్లు’ అంటే ‘నువ్వెళ్లు’ అనుకుంటూ నాన్చుతారు. గడువు రేపనగా ఆయన చెవిన పడుతుంది. అప్పుడు శాంతమూర్తికైనా ఒళ్లు మండదూ? ‘చూశావా, మేం అన్లేదూ?’ అంటారు బయటికొచ్చి. మొదట అది ఊళ్లోవాళ్ల ఊహే కావచ్చు. ఊహను బట్టి వాళ్లు మసులుకున్నారు, వాళ్లను బట్టి ఆయన మారాడు. లింక్డ్‌ఇన్‌లో ‘సహనశీలి’ అని ఎన్నిసార్లు రాసుకుంటే ఏం లాభం?

మన పేరేమిటో మన మొహం మీద ఎవరూ చెప్పరు. ఏ పనులు మీ బల్ల మీదికి వస్తున్నాయి, ఏవి మిమ్మల్ని దాటి పక్క బల్లకు పోతున్నాయి? అది గమనిస్తే కొంత తెలుస్తుంది.

పడ్డ పేరు మారదా?

మారుతుంది, తీరిగ్గా. కామెడీ హీరోగా ముద్రపడ్డ నరేష్ 2008లో ‘గమ్యం’లో గాలి శీనుగా కంటతడి పెట్టించారు. అయినా ఆ తర్వాతా ఎక్కువగా కామెడీలే వచ్చాయి. 2021లో ‘నాంది’లో విచారణ ఖైదీగా చేశాక గాని సీరియస్ కథలకూ ఆయన గుర్తు రావడం పెరగలేదు. ఇంటిపేరు మాత్రం అల్లరే. ఇక జానకి సంగతి మరీ విచిత్రం. తమిళనాట కూడా ఆమె సౌకార్ జానకే. ఆ తెలుగు సినిమా అక్కడ ఎందరు చూసుంటారో!