హజ్రత్ ముఆజ్ వెళ్ళిన నేల: నేటి యమన్ చెప్పే పాఠం

హదీసు తరగతిలో జకాత్ అధ్యాయం మొదలుపెట్టగానే ఎదురయ్యే పేర్లలో యమన్ ఒకటి. దైవప్రవక్త (స) తన ప్రియ సహచరుడు హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి)ను ఆ దేశానికి పంపుతూ చేసిన హితబోధ హదీసు గ్రంథాల్లో భద్రంగా ఉంది. ప్రజలను ముందుగా ఏకదైవారాధన వైపునకు, ఆ తరువాత నమాజు వైపునకు పిలవమన్నారు. సంపన్నుల నుండి జకాత్ తీసుకొని వారిలోని పేదలకే పంచమన్నారు. ఆ వసూలులో ప్రజల మేలైన సొత్తుపై చేయి వేయవద్దన్నారు. చివరగా పీడితుని మొరకు భయపడమని, ఆ మొరకూ అల్లాహ్‌కూ మధ్య అడ్డుతెర ఉండదని హెచ్చరించారు.

ఒక పాలనాధికారికి చేసిన ఈ ఉపదేశంలో రాజ్యం దేనివల్ల నిలుస్తుందో, దేనివల్ల కూలుతుందో రెండూ ఇమిడి ఉన్నాయి. విచారకరమైన విషయం ఏమిటంటే, ఆ మాటలు ఏ నేల కోసం పలకబడ్డాయో నేడు ఆ నేలపైనే పీడితుల మొర అందరికంటే బిగ్గరగా వినిపిస్తోంది.

రాజ్యం కూలిన క్రమం

ఉత్తర, దక్షిణ యమన్‌లు 1990 మే 22న ఒక్కటయ్యాయి. నాలుగేళ్ళు గడవకముందే 1994లో వాటి మధ్య యుద్ధం జరిగింది. జెండా ఒక్కటైనా మనసులు ఒక్కటి కాలేదు. 2011 ప్రజా ఉద్యమం తరువాత దీర్ఘకాల పాలకుడు అలీ అబ్దుల్లా సాలెహ్ గద్దె దిగాడు. జాతీయ సంప్రదింపుల సభ నెలల తరబడి కూర్చొని కొత్త రాజ్యాంగానికి బాట వేయబోయింది. ఈలోగా 2014లో ఇంధన ధరలు ఒక్కసారిగా పెరిగాయి. జనాగ్రహం పెల్లుబికింది. ఆ ఏడాది సెప్టెంబరులో హౌతీలు రాజధాని సనాను ఆక్రమించారు. వారితో ఆరుసార్లు యుద్ధం చేసిన సాలెహ్ ఈసారి వారితోనే చేతులు కలిపాడు. చివరకు 2017 డిసెంబరులో వారి చేతుల్లోనే హతుడయ్యాడు. 2015 మార్చిలో సౌదీ నాయకత్వాన పొరుగు దేశాల కూటమి వైమానిక దాడులు ప్రారంభించింది.

ఈ పాపంలో ఏ పక్షమూ తన చేతులు శుభ్రమని చెప్పుకోలేదు. హౌతీలు తాయిజ్ నగరాన్ని ఏళ్ళ తరబడి దిగ్బంధించారు. పొలాల్లో, దారుల్లో మందుపాతరలు పాతారు. 2018 ఆగస్టులో సఆదా ప్రాంతంలో విహారయాత్రకు బయలుదేరిన పిల్లల బస్సుపై కూటమి బాంబు పడి 40 మంది చిన్నారులు మరణించారు. కాపాడవలసిన వారే కాటేస్తే, కంచే చేను మేస్తే, సామాన్యుడు ఎవరికి మొరపెట్టుకోవాలి?

తుపాకీ కంటే ఆకలే ఎక్కువ మందిని బలిగొంది

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అంచనా ప్రకారం 2021 చివరి నాటికి ఈ యుద్ధం 3,77,000 మంది ప్రాణాలు తీసింది. వారిలో దాదాపు 60 శాతం మంది ఆకలి, రోగాలు, వైద్యం అందకపోవడం వంటి పరోక్ష కారణాల వల్లే మరణించారు. అత్యధికులు అయిదేళ్ళ లోపు పసివారే.

దీనికి కారణం గ్రహించడం కష్టం కాదు. యమన్ తాను తినే గోధుమల్లో సుమారు 90 శాతం బయటి నుండే కొంటుంది. రేవు మూతపడితే, డబ్బు విలువ పడిపోతే, దారులు తెగిపోతే రొట్టె ధర ఆకాశాన్నంటుతుంది. మంచినీటి, మురుగునీటి వ్యవస్థలు పాడైపోగా కలరా చెలరేగి, 2017 చివరికి రోగ అనుమానిత కేసులు పది లక్షలు దాటాయి. బజారులో సరుకు ఉన్నా కొనే శక్తి లేని కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి.

జీతం లేని ఉపాధ్యాయుడు

ఈ వ్యాసకర్త వృత్తి పాఠం చెప్పడమే. అందుకే యమన్ వార్తల్లో నన్ను ఎక్కువగా కలచివేసినది మరొకటి ఉంది. 2016 సెప్టెంబరులో కేంద్ర బ్యాంకు సనా నుండి ఏడెన్‌కు మారింది. దేశానికి రెండు ఖజానాలు ఏర్పడ్డాయి. కొంతకాలానికి ఒకే పేరు గల రియాల్‌కు రెండు ప్రాంతాల్లో రెండు విలువలు వచ్చాయి. ఈ చీలికలో ప్రభుత్వోద్యోగుల జీతాలు నిలిచిపోయాయి. 1,70,000 మందికి పైగా ఉపాధ్యాయులకు, అంటే దేశంలోని ప్రతి ముగ్గురిలో ఇద్దరికి, నాలుగేళ్ళకు పైగా క్రమమైన జీతం అందలేదని 2021లో యూనిసెఫ్ ప్రకటించింది. బడికి దూరమైన పిల్లలు 20 లక్షల పైమాటే.

నెల జీతం పది రోజులు ఆలస్యమైతేనే మన ఇంటి లెక్క తప్పుతుంది. ఏళ్ళ తరబడి జీతం లేని గురువు ఏం చేస్తాడు? కొందరు కూలికి వెళ్ళారు. కొందరు ఖాళీ కడుపుతోనే తరగతికి వెళ్ళారు. బడి మూతపడిన ఊళ్ళో బాలుడి ముందు మిగిలేవి రెండే దారులు: కూలిపని లేదా తుపాకీ. ఆడపిల్లకైతే చిన్న వయసులోనే పెళ్ళి. యుద్ధం ఆగిన తరువాత కూడా ఆగని నష్టం ఇదే.

ఇది మజ్‌హబుల పోరా?

మన ప్రాంతంలో చాలామంది ఈ విషాదాన్ని షియా–సున్నీ తగాదా అని ఒక్క మాటలో తేల్చేస్తారు. చరిత్ర తెలిసినవారు అంత తేలికగా అనలేరు. యమన్‌లో జైదీలు, షాఫయీలు శతాబ్దాల పాటు ఒకరి మస్జిదులో మరొకరు నమాజు చేశారు. 1834లో మరణించిన ఇమామ్ షౌకానీ (రహ్మ) జైదీ కుటుంబంలో పుట్టి, సనాలో ప్రధాన ఖాజీ పదవి నిర్వహించారు. ఆయన ‘నైలుల్ అవ్‌తార్’ను నేటికీ మన దేశంలోని సున్నీ విద్వాంసులు గౌరవంతో అధ్యయనం చేస్తారు. అధికారం కోసం, ఆదాయం కోసం సాగిన పోరుకు మజ్‌హబు పేరు తరువాత తగిలించిన ముసుగు. ఆ ముసుగును మనం ఇక్కడ కప్పుకోవలసిన పని లేదు.

హైదరాబాదు వారికి యమన్ పరాయి దేశం కూడా కాదు. నిజాం సైన్యంలో పనిచేయడానికి హజ్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల వారసులు నేటికీ బార్కస్‌లో నివసిస్తున్నారు. రమజానులో మనం ఇష్టంగా తినే హలీమ్‌కు మూలమైన హరీస్ వారి వంటిళ్ళ నుండి వచ్చిందే.

ఆశ ఎక్కడుంది?

2022 ఏప్రిల్‌లో కాల్పుల విరమణ కుదిరింది. 2023 ఏప్రిల్‌లో రెడ్‌క్రాస్ చొరవతో దాదాపు 900 మంది బందీలు ఇళ్ళకు చేరారు. అదే ఏడాది సనా నుండి హజ్ యాత్రికుల విమానం ఏళ్ళ తరువాత నేరుగా సౌదీకి ఎగిరింది. 2024 జూన్‌లో తాయిజ్ నగరానికి ఒక ప్రధాన రహదారి తెరుచుకుంది. అంతకుముందు నిమిషాల్లో ముగియవలసిన ప్రయాణానికి కొండదారుల్లో గంటలు పట్టేది. ఇవి చిన్న అడుగులు. పరిస్థితి ఇప్పటికీ పెళుసుగానే ఉంది. అయినా శాంతి అంటే సంతకాలు మాత్రమే కాదని ఇవి చూపుతున్నాయి: తెరిచిన దారి, అందిన జీతం, ఇంటికి తిరిగి వచ్చిన కొడుకు.

దివ్యఖుర్ఆన్‌లోని సబా సూరా ఈ నేలనే ప్రస్తావించింది. కుడి ఎడమల తోటలతో విలసిల్లిన జాతి కృతజ్ఞత మరచినప్పుడు వరద వచ్చి అంతా తుడిచిపెట్టింది. ఆ ఆనకట్ట మారిబ్‌లో ఉండేది. దానికి జరిగిన మరమ్మతులను నాటి శిలాశాసనాలు చెబుతాయి. వరానికి కృతజ్ఞత అంటే దానిని కాపాడుకోవడం కూడా. నేడు అదే మారిబ్‌లో, ఇళ్ళు విడిచి వచ్చిన వేలాది కుటుంబాలు గుడారాల్లో తలదాచుకుంటున్నాయి.

సోదర సోదరీమణులారా! మనం అక్కడి యుద్ధాన్ని ఆపలేకపోవచ్చు. కానీ విశ్వాసుల్లో రెండు పక్షాలు పోరాడితే న్యాయంగా సంధి చేయమని, వార్త వస్తే నిర్ధారించుకోమని హుజురాత్ సూరా మనకు నేర్పింది. ద్వేషం నింపే సందేశాన్ని ముందుకు పంపకుండా ఆపడం మన చేతిలో ఉంది. మన ఊరి మదరసాలో, బడిలో పాఠం చెప్పేవారి జీతం సమయానికి అందేలా చూడడం మన చేతిలో ఉంది. మన జకాత్ మన పేదలకు లెక్క ప్రకారం చేరేలా చూడడమూ మన చేతిలోనే ఉంది. హజ్రత్ ముఆజ్ (రజి)కు అప్పగించిన పని అదే కదా!

అల్లాహ్ యమన్ ప్రజలకు శాంతిని, వారి పిల్లలకు అన్నాన్ని, అక్షరాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.