వింతలు విశేషాలు: నాందేడ్ పొరుగున నక్షత్రాల లోగుట్టు

నాందేడ్‌కు వాయవ్యంగా, హింగోలి జిల్లాలో ఉన్న ఔండా నాగనాథ్ పేరు చెప్పగానే భక్తులకు జ్యోతిర్లింగం గుర్తొస్తుంది. ఖగోళ శాస్త్రజ్ఞులకు గుర్తొచ్చేది లైగో-ఇండియా. గురుత్వ తరంగాలను పట్టే కేంద్రాన్ని అక్కడే నెలకొల్పుతున్నారు. ఏ టెలిస్కోపుకూ కనబడని న్యూట్రాన్ నక్షత్రాల లోపలి భాగం గురించి ఈ తరంగాలు కబురు మోసుకొస్తాయి. ఆ రంగంలోని కొన్ని రికార్డులు చూడండి.

అత్యంత చిక్కన

భారీ నక్షత్రం పేలిపోయాక మిగిలే నడిగుండే న్యూట్రాన్ నక్షత్రం. బరువులో సూర్యుణ్ణి మించుతుంది. అడ్డంగా కొలిస్తే మాత్రం సుమారు 24 కిలోమీటర్లే, అంటే ఇంచుమించు నాందేడ్ నుంచి ముద్ఖేడ్‌కు రైలు దూరం. అందులో ఒక్క ఘన సెంటీమీటరు పదార్థం పదుల కోట్ల టన్నులు తూగుతుంది. ఇంకా కుంగితే ఇక కృష్ణబిలమే.

అత్యంత వేగం

టెర్జాన్ 5 అనే తారాగుచ్ఛంలోని ఒక న్యూట్రాన్ నక్షత్రం సెకనుకు 716 సార్లు తన చుట్టూ తాను తిరుగుతోంది.

అత్యంత సూక్ష్మ కొలత

అమెరికాలోని లైగో యంత్రానికి 4 కిలోమీటర్ల పొడవున్న చేతులు రెండు. గురుత్వ తరంగం దాటినప్పుడు వాటి పొడవులో వచ్చే తేడా ప్రోటాన్ వ్యాసంలో వెయ్యో వంతు కన్నా తక్కువ. లేజర్ కాంతి అద్దాల మధ్య తిరుగుతూ ఆ తేడాను పట్టేస్తుంది. 2015 సెప్టెంబర్ 14న దొరికిన తొలి తరంగం రెండు కృష్ణబిలాల కలయికది.

తొలి జంట

2017 ఆగస్టు 17న మొదటిసారి రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోవడం తెలిసింది. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన ఆ సంకేతం సుమారు 100 సెకన్లు సాగింది. తొలి కృష్ణబిలాల సంకేతం సెకను కూడా నిలవలేదు. నక్షత్రాలు కలిసిన 1.7 సెకన్లకు గామా కిరణాలు అందాయి. ఇటలీలోని వర్గో కేంద్రంలో సంకేతం దాదాపు వినిపించనే లేదు. అంటే ఆ తరంగాలు వర్గో సరిగా పట్టలేని దిక్కు నుంచి వచ్చాయన్నమాట. ఆ ఆధారంతో వెతికే ఆకాశం బాగా తగ్గిపోయి, 11 గంటల్లోనే ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో ఆ కలయిక తాలూకు వెలుగు దొరికింది.

తలకిందుల లెక్క

దగ్గరవుతున్న కొద్దీ ఆ రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి లాగి సాగదీస్తాయి. లోపలి పదార్థం మెత్తనైతే ఎక్కువ సాగాలి కదా? జరిగేది అందుకు విరుద్ధం. మెత్తని పదార్థం తన బరువుకే కుంగి చిన్న గోళమవుతుంది కాబట్టి తక్కువ సాగుతుంది. గట్టిదైతే నక్షత్రం పెద్దదిగా ఉండి ఎక్కువ సాగుతుంది. ఎక్కువ సాగిన జంట కొంచెం ముందే కలుస్తుంది. తరంగాల లయలో ఈ తేడా దొరుకుతుంది. 2017 సంకేతంతో మరీ గట్టి పదార్థమన్న సిద్ధాంతాలు వెనక్కి పోయాయి. వ్యాసార్ధం 12 కిలోమీటర్ల దరిదాపున తేలింది.

తేలని బరువు

2019 ఆగస్టు 14 నాటి సంకేతంలో ఒక కృష్ణబిలంతో కలిసినది 2.6 సూర్యుల బరువుంది. అది అత్యంత బరువైన న్యూట్రాన్ నక్షత్రమా, అతి చిన్న కృష్ణబిలమా అన్నది ఇంకా తేలలేదు.

మన వంతు

హోరులో మునిగిన సంకేతాన్ని ముందే లెక్కగట్టిన నమూనాలతో పోల్చి పట్టే పద్ధతికి మన శాస్త్రజ్ఞులు సంజీవ్ ధురంధర్, సత్యప్రకాశ్ 1991లోనే దారి వేశారు. లైగో-ఇండియాకు 2016 ఫిబ్రవరిలో సూత్రప్రాయంగా ఆమోదం లభించింది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం సుమారు 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2030 నాటికి కట్టాలన్నది అప్పటి లక్ష్యం. అమెరికా, ఐరోపా, జపాన్ కేంద్రాలకు దూరంగా ఇంకో కేంద్రం ఉంటే, తరంగం ఎక్కడికి ఎప్పుడు చేరిందో పోల్చి దాని దిక్కును మరింత కచ్చితంగా చెప్పవచ్చు. టెలిస్కోపులు అంత త్వరగా అటు తిరుగుతాయి.

అందుకోని రికార్డు

నక్షత్రాలు కలిశాక పుట్టిన కొత్త గోళం సెకనుకు వేలసార్లు కంపిస్తుందని లెక్కలు చెబుతున్నాయి. అత్యంత చిక్కని పదార్థం స్వభావం ఆ కంపనంలోనే బయటపడాలి. దాన్ని ఇంతవరకు ఏ కేంద్రమూ పట్టలేదు.