‘మెలే’ అంటే కలియబడటమే!

ఎనిమిదో తరగతి పిల్లవాడు ఇంగ్లీషు పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగుతాడు. ఎం, ఈ, ఎల్, ఈ, ఈ. చివర రెండు ‘ఈ’లు ఉన్నాయి కదా అని ‘మెలీ’ అంటాడు. సరైన ఉచ్చారణ ‘మెలే’. అమెరికాలో ‘మేలే’ అంటారు. నిఘంటువు చూస్తే ‘గందరగోళపు పోట్లాట’ అని ఉంటుంది. బట్టీ పడతాడు, పరీక్ష రాస్తాడు, మరిచిపోతాడు.

మరిచిపోకుండా ఉండాలంటే ఆ మాట పుట్టిల్లు చూపించాలి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట ఇది. ఫ్రెంచిలో దీని మూలానికి అర్థం ‘కలపడం’. దానికీ మూలం లాటిన్. మనం రోజూ వాడే ‘మిక్స్’ కూడా ఆ లాటిన్ కుదురు నుంచి వచ్చిందే. నాలుగు పాటలు కలిపి పాడే ‘మెడ్లీ’ దీనికి స్వయానా తోబుట్టువు. మొదట్లో మెడ్లీ అన్నా చేతులు కలిపి కొట్టుకోవడమే! మధ్యయుగపు ఐరోపాలో గుర్రపు యోధులు రెండు జట్లుగా విడిపోయి ఒకరి మీద ఒకరు పడే పోటీని మెలే అంటారు. ఎవరు ఎవరి వైపో తెలియనంతగా కలిసిపోయిన పోరు అన్నమాట.

ఇప్పుడు మన తెలుగు చూడండి. ‘ఇద్దరూ కలియబడ్డారు’ అంటాం. కలియడం నుంచే కలియబడటం. ఫ్రెంచివారికి తట్టిన ఊహే మనవాళ్లకూ తట్టింది. ఈ ఒక్క మాట చెబితే పిల్లవాడు మెలేను ఇక మరిచిపోడు.

దీని పక్కనే నేర్పదగ్గ మాట ‘అఫ్రే’. పాత ఫ్రెంచిలో కలవరపెట్టడం, భయపెట్టడం అనే అర్థం నుంచి వచ్చింది. చిన్న తరగతుల్లోనే నేర్చుకునే ‘అఫ్రెయిడ్’ దీని బిడ్డే. మెలే వర్ణనకు వాడే మాటైతే, అఫ్రే చట్టంలో ఉన్న మాట. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది బహిరంగ ప్రదేశంలో కొట్టుకుని ప్రజాశాంతికి భంగం కలిగిస్తే, భారతీయ న్యాయ సంహిత 194వ సెక్షన్ కింద నేరం. నెల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇంగ్లీషు రావాలంటే ఇంట్లో తెలుగు తగ్గించాలని మనలో చాలామంది తల్లిదండ్రులు అనుకుంటున్నాం. కానీ ‘కలియబడటం’ తెలియని పిల్లవాడికి మెలే ఒట్టి స్పెల్లింగే. మాట తెలిసినవాడికి అది పాత చుట్టం.

రేపు తరగతిలో ఒక పని చేద్దాం. జగడం, కొట్లాట, కుమ్ములాట, దొమ్మీ, గలాటా... ఇంట్లో విన్న మాటలన్నీ పిల్లల చేత బోర్డు మీద రాయిద్దాం. గలాటా కన్నడంలోనూ తమిళంలోనూ ఉందని అక్కడి పిల్లలే చెబుతారు. ఏ మాట ఎంత దెబ్బలాటకు సరిపోతుందో వాళ్లనే తేల్చమందాం. ఆ తర్వాతే ఇంగ్లీషు నిఘంటువు తెరుద్దాం.