స్వాహిలీలు ఎవరు?

నైరుతి ఋతుపవనం మన రైతుకు వాన తెచ్చే గాలి. ఒకప్పుడు అరబ్బు నావికునికి అదే ఇల్లు చేర్చే గాలి. నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్యపు గాలి వీచగానే అరేబియా, పారశీక తీరాల నుండి తెరచాప ఓడలు బయలుదేరి తూర్పు ఆఫ్రికా రేవులకు చేరేవి. ఏప్రిల్ ప్రాంతంలో గాలి మళ్ళేవరకు తిరుగు ప్రయాణం లేదు. అంతకాలమూ వర్తకుడు పరాయి రేవులో గడపవలసినదే. సరకు దాచుకొనేందుకు చోటు కావాలి. తన మాటకు పూచీపడే స్థానికుడు కావాలి. కొందరు అక్కడే పెండ్లాడారు. కొందరు తిరిగి వెళ్ళనేలేదు. సోమాలియా దక్షిణ భాగం మొదలుకొని కెన్యా, టాంజానియాల మీదుగా ఉత్తర మొజాంబిక్ వరకు వ్యాపించిన స్వాహిలీ సమాజపు కథ ఈ గాలులతో ముడిపడి ఉన్నది.

అరబ్బీలో 'సవాహిల్' అంటే తీరాలు. ఆ మాట నుండి ఈ ప్రజలకు పేరు వచ్చినది. మొంబాసా, లాము, జాంజిబార్, కిల్వా మున్నగునవి వారి పట్టణాలు. పగడపురాతితో కట్టిన ఇండ్లు, మసీదులు వాటికి అలంకారం. లోపలి దేశపు బంగారమూ ఏనుగుదంతమూ ఓడలకెక్కేవి. బట్టలు, గాజుపూసలు, పింగాణి పాత్రలు దిగేవి. 1331లో కిల్వాను దర్శించిన ఇబ్న్ బతూతా ఆ పట్టణపు అందాన్ని మెచ్చుకొంటూ, అక్కడి ప్రజలలో అధిక సంఖ్యాకులు నల్లనివారని వ్రాశాడు.

మరి వీరు ఎవరి సంతతి? 16వ శతాబ్దంలో వ్రాయబడిన కిల్వా రాజుల చరిత్ర ఒక సమాధానం చెప్పుతున్నది. పారశీక దేశంలోని షీరాజు నుండి ఒక రాజు తన కుమారులతో ఏడు ఓడలలో వచ్చాడట. ఒక్కొక్క ఓడ ఒక్కొక్క చోట ఆగినదట. కిల్వా చేరినవాడు ఆ దీవిని చుట్టివచ్చేటంత పొడవు బట్ట ఇచ్చి, స్థానిక ప్రభువు వద్ద దీవిని కొన్నాడట. అయితే అతడు వచ్చేనాటికే అక్కడ ఒక ముస్లిము కుటుంబమూ ఒక మసీదూ ఉన్నవని ఆ గ్రంథమే అంటున్నది.

వలసపాలన కాలపు చరిత్రకారులు ఈ కథలో మొదటి సగమే గ్రహించారు. రాతి పట్టణాలు కట్టినవారు విదేశీయులనీ, ఆఫ్రికనులు కేవలం పనివారనీ తీర్మానించారు. 1980 తరువాత కెన్యాలోని పాటె దీవిలో షంగా అనే చోట జరిగిన త్రవ్వకాలు ఈ అభిప్రాయాన్ని తలక్రిందులు చేశాయి. రాతి మసీదు అడుగున పాత మసీదులు ఒకదాని క్రింద ఒకటి బయటపడ్డాయి. అన్నిటికంటె అడుగున 8వ శతాబ్దం నాటి చిన్న కొయ్య మసీదు జాడలు కనిపించాయి. చుట్టూ ఉన్న మట్టి ఇండ్లూ కుండలూ స్థానికుల పనితనమే. పల్లె క్రమంగా పట్టణమయినదన్న మాట. దీనిపై మరికొందరు పండితులు రెండవ అంచుకు పోయి, షీరాజు కథ గొప్ప కోసం కల్పించుకొన్నదన్నారు.

భాష ఏమి చెప్పుతున్నదో చూడండి. స్వాహిలీ ఆఫ్రికాలోని బాంటూ కుటుంబానికి చెందిన భాష. ఒకటి నుండి అయిదు వరకు అంకెలు 'మోజా, ంబిలి, టాటు, న్నె, టానో' అన్నీ బాంటూ మాటలే. ఆరు, ఏడు, తొమ్మిదికి 'సిటా, సబా, టిసా' అన్నవి అరబ్బీ నుండి తెచ్చుకొన్నవి. మన కితాబు అక్కడ 'కిటాబు'. కాని అనేక పుస్తకాలను 'విటాబు' అంటారు. 'కి' తీసి 'వి' చేర్చడం బాంటూ వ్యాకరణం. మాట బయటినుండి వచ్చినా, దానిని నడిపే సూత్రం ఇంటిదే.

2023లో వెలువడిన ఒక పరిశోధన ఈ వివాదానికి క్రొత్త వెలుగు నిచ్చినది. తీరపు సమాధులలో, ఒక లోపలి పట్టణంలో దొరికిన సుమారు 80 మంది అస్థికల నుండి శాస్త్రజ్ఞులు డి. ఎన్. ఏ. పదార్థాన్ని పరీక్షించారు. అందులో ఒక భాగం తల్లి నుండి మాత్రమే సంక్రమిస్తుంది. మరొక భాగం తండ్రి నుండి కుమారునికి మాత్రమే. తీరవాసులలో చాలమందికి వారసత్వంలో సగానికి పైగా ఆఫ్రికాది. అది ముఖ్యంగా స్త్రీల ద్వారా వచ్చినది. మిగిలినది ఆసియా నుండి, ముఖ్యంగా పారశీక పురుషుల ద్వారా వచ్చినది. స్వల్పంగా భారతీయాంశ కూడా కలదు. ఈ కలయిక సుమారు క్రీ. శ. 1000 నాటికి ఆరంభమయినది. 1500 తరువాత వచ్చిన అంశలో అరబ్బుల పాలు హెచ్చినది. కాగా షీరాజు కథలో కొంత నిజమున్నది; షంగా మట్టి చెప్పినదీ నిజమే.

అయితే ఆ కలయికలన్నీ ఇష్టపూర్వకమైన వివాహాలని ఎముకలు చెప్పలేవు. ఓమాను సుల్తానుల కాలంలో జాంజిబారు పెద్ద బానిసల అంగడి. అది 1873లో మూతపడేవరకు, ఎందరో స్త్రీలు బానిసలుగానే ఆ ఇండ్లలో ప్రవేశించారు.

ఇది పండితుల కాలక్షేపం కాదు. ఆంగ్లేయుల పాలనలో అరబ్బు అనిపించుకొన్నవానికి ఒక హోదా, ఆఫ్రికను అనిపించుకొన్నవానికి మరొకటి. 1957లో జాంజిబారులో వెలసిన ఆఫ్రో షీరాజీ పక్షం పేరులోనే రెండు వంశాలూ ఉన్నాయి. అయినా 1964 జనవరిలో జరిగిన విప్లవంలో అరబ్బులనబడినవారు వేల సంఖ్యలో హతులయ్యారు; మరెందరో దేశం విడిచారు. తరతరాలుగా కలిసిపోయిన రక్తాన్ని ఒక్క పేరుతో విడదీయబోతే కలిగే కష్టం అది.

వంశచరిత్రలు వ్రాసినవారు తండ్రుల పేర్లు వ్రాసి ఉంచారు. ఆ తల్లుల పేర్లు మనకు తెలియవు. వారు బిడ్డలకు నేర్పిన భాషను మాత్రం నేడు తూర్పు ఆఫ్రికాలో కోట్లమంది మాట్లాడుతున్నారు.