బండి బుష్‌లు: రబ్బరా, పాలీయురిథేనా?

కొల్లేటి చుట్టుపట్ల నల్లమట్టి వానకుబ్బి యెండకు బీటవాఱును. దానిపై నున్న త్రోవయు నెగుడుదిగుడగును. కారు చక్రములను పట్టియుండు ఆర్ముల మొదళ్లలోని రబ్బరు బుష్‌లే ఆ యదురును గొంత మ్రింగును. అవి పగిలినచో గుంటలలో టకటక చప్పుడగును, టైర్లు ఒకప్రక్కగా నరుగును.

వానికి బదులుగా నిపుడు పాలీయురిథేను బుష్‌లు వేయుచున్నారు. 1937లో జర్మనీయందు ఆటో బేయరు కనిపెట్టిన పదార్థమిది. నూనెకు, అరుగుదలకు రబ్బరుకంటె నెక్కువ యోర్చును. మలుపులలో బండి నిలకడగా నుండును. కాని గట్టిదగుటచే అదురును లోనికి పంపును. గ్రీజు ఎండిన కిర్రుమనును.

ఏలూరు తాడేపల్లిగూడెముల నడుమ జాతీయరహదారిపై వేగముగ నడుపువారికి అది రుచించును. కాని వెనుకసీటున కూర్చుండువారము మనము గదా! గర్భిణులతో, వృద్ధులతో కైకలూరు త్రోవను పోవు బండికి రబ్బరే మేలని నా తలంపు. ఏది వేయించినను రెండు ప్రక్కలను ఒక్కమారే మార్పించి, చక్రముల అలైన్‌మెంటు సరిచూపింపవలయును.