పాత పైపు ఆర్గన్ కొత్త ఆలయమునకు చేరుట

పామిడిముక్కల, గుడివాడ, దివిసీమ ప్రాంతముల సంఘములలో పాటకు హార్మోనియం, తబలా, తాళములు, ఇటీవల కీబోర్డు తోడుగా ఉన్నవి. పైపు ఆర్గన్ గూర్చి మన కాపరులు చదువుటయే గాని దగ్గరగా చూచుట అరుదు. అయితే పాశ్చాత్య దేశములలో మూతబడిన ఆలయముల ఆర్గన్లు అమ్మకమునకు, కొన్నిసార్లు ఉచితముగానే, వచ్చుచున్నవి. అటువంటి వాద్యమును ఒక సంఘము తెచ్చుకొనుట అంటే ఏమిటో ఇక్కడ వివరింప గోరుచున్నాము.

హార్మోనియంలో గాలి లోహపు నాలుకలను కదిలించును. ఆర్గన్ గొట్టములలో అధికభాగము పిల్లనగ్రోవివలె పలుకును. ప్రతి స్వరమునకు, ప్రతి నాదభేదమునకు వేరు గొట్టము కావలెను గనుక అవి వందలు, వేలు ఉండును. తయారీదారుడు ఆలయపు ఎత్తును, ప్రతిధ్వనిని గమనించి ఒక్కొక్క గొట్టపు నోటిని సరిచేయును. కనుక దీనిని తరలించుట బీరువాను తరలించుట వంటిది కాదు. విప్పకముందే భాగములన్నిటిని కొలిచి, ఫోటోలు తీసి, అంకెలు వేయుదురు. తిత్తులకు చినిగిన తోలు మార్చుదురు. కొత్తచోట నిలిపిన తరువాత గొట్టములను ఆ గదికి తగినట్లు మరల పలికించవలెను. ఈ చివరి పనిలోనే పాత నాదము పోవు ప్రమాదము ఎక్కువ.

వాద్యము స్థలము మారుటలో వేదాంత వివాదమునకు కూడ పాత్ర కలదు. 1644లో ఇంగ్లాండు పార్లమెంటు ఆలయములలోని ఆర్గన్లను తీసివేయుమని శాసించెను. ఆక్స్‌ఫర్డ్‌లోని మాగ్డలెన్ కళాశాల ఆర్గన్ మాత్రము నశింపక, క్రామ్‌వెల్ కాలమున హ్యాంప్టన్ కోర్టు భవనమునకు చేరెను! రాచరికము 1660లో తిరిగి వచ్చిన పిమ్మట అది కళాశాలకు మరలెను. 1737లో టూక్స్‌బరీ ఆబీకి అమ్ముడుపోయెను. ఆలయమునకు తగదన్న వాద్యము పాలకుని ఇంట తగినదాయెను. (దానిపై మిల్టన్ వాయించెననుట పారంపర్యము మాత్రమే.)

మన కాలపు ఉదాహరణ వోబర్న్ ఆర్గన్. హుక్ సోదరులు 1870లో మసాచుసెట్స్‌లోని ఆ ఊరి యూనిటేరియన్ ఆలయమునకు చేసిన ఈ వాద్యము, ఆలయము మూతబడిన తరువాత, 2001లో బెర్లిన్‌లోని పరిశుద్ధ సిలువ ఆలయములో నిలిచెను. ఆర్గన్లకు పుట్టినిల్లు వంటి జర్మనీ అమెరికా వాద్యమును కోరి తెచ్చుకొనుట గమనింపదగినది. దాని నాదము అక్కడ దొరకునది కాదు. అందుకే అంత శ్రమ.

150వ కీర్తనలో ఆర్గన్ ఉన్నదని కొందరు అందురు. కింగ్ జేమ్స్ అనువాదములో ఆ మాట ఉన్నమాట నిజమే గాని, హెబ్రీ మూలములోని ‘ఉగాబ్’ ఊదెడు వాద్యముగా తలంపబడుచున్నది. తెలుగు బైబిలు దానిని పిల్లనగ్రోవి అన్నది. కనుక ఆర్గన్ కలిగియుండుట ఆజ్ఞ కాదు, లేకపోవుట కొరతయు కాదు.

మన తీరము సంగతి వేరు. తేమకు తోలు, జిగురు, చెక్క చెడును. చెదలు, ఎలుకలు సరేసరి. 1864లో బందరును, 1977లో దివిసీమను ముంచిన ఉప్పెనలు ఈ నేల ఎరిగినవే. తెచ్చుటకు దాత దొరకవచ్చును. ఏటేటా శ్రుతిచేయువానికి ఇచ్చుటకు దాత దొరకుట కష్టము. కనుక దానపత్రముపై సంతకము చేయకముందే ఆ ఖర్చును, ఆ పని ఎరిగిన మనిషి ఎంత దూరమునుండి రావలెనో ఆ సంగతిని, సంఘ కమిటీ ముందు వ్రాతపూర్వకముగా ఉంచవలెను. వాయించుటకు స్థానిక యువతలో ఎవరు నేర్చుకొందురో కూడ అప్పుడే అడుగవలెను.